మూడో కోత రేటు

మా అమ్మ ముఠాను మిరపచేలోకి దించే ముందు ఆ చేను ఒకసారి చుట్టి వచ్చేది. ముఠా అంటే కోత కూలికి వెళ్లే పద్దెనిమిది మంది ఆడవాళ్లు, అమ్మ వాళ్లకు మేస్త్రమ్మ. అందరూ మా పేటవాళ్లే, ఆదివారం మా చర్చిలో ఒకే వరస చాపల మీద కూర్చునేవాళ్లే. వాళ్లు గట్టు మీద నిలబడి కొంగులు బిగించుకునేవారు, వక్కపొడి పంచుకునేవారు, కానీ అమ్మ తిరిగి వచ్చేదాకా ఒక్కరు కూడా సాలులో కాలు పెట్టేవారు కాదు. అమ్మ ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేది. మధ్యలో ఏ పదిచోట్లో ఆగి చెట్టు వంచి చూసేది. పండు ఎంత, పచ్చి ఎంత, తెల్లబడి పనికిరాకుండా పోయిన తాలుకాయ ఎంత, చెట్టు మోకాలి ఎత్తు ఉందా, నడుమెత్తు ఉందా. ఇవన్నీ చూశాకే రైతుతో రేటు మాట ఎత్తేది.

రేటు రెండు రకాలు. కోసిన కాయకు కిలోల లెక్కన ఒకటి, రోజు కూలి ఒకటి. మొదటి కోతలో పండు ఒత్తుగా ఉంటుంది. చెయ్యి పెడితే గుప్పెడు వస్తుంది కాబట్టి ముఠా కిలోల లెక్క కావాలంటుంది, రైతు రోజు కూలి ఇస్తానంటాడు. మూడో కోతకు చెట్టుకు నాలుగైదు కాయలు మిగులుతాయి. వాటిని ఆకుల మధ్య వెతుక్కోవాలి. నడిచే దూరం అంతే, వంగే నడుము అదే, చేతికి వచ్చేది మాత్రం పావు వంతు. అప్పుడు రైతుకు హఠాత్తుగా కిలోల లెక్క న్యాయంగా కనిపిస్తుంది. ముఠా రోజు కూలి అంటుంది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక శనివారం, ఈ మాటలు నా చెవులారా విన్నాను.

"మొదటి కోతకి కిలో లెక్కన్నావు. ఇప్పుడు రోజు కూలంటావేందమ్మా? నీ నోటికి దణ్ణం పెట్టాలి" అన్నాడు రైతు.

"నా నోటికెందుకు బాబుగారూ, మీ చేనుకి పెట్టండి. చెట్టుకి నాలుగు కాయలుంటే నేను కిలోలు యాడనించి తేను? మా ఇంట్లో కారం డబ్బా తెచ్చి కలపనా?"

గట్టు మీద నవ్వులు.

"పక్కూరి ముఠా కిలో లెక్కకే వస్తామన్నారు మరి."

"వాళ్ల మేస్త్రమ్మ నోటితో ఆ మాట విన్న తర్వాత దిగుతాం లెండి."

అమ్మ నిజంగానే వెళ్లింది. కాలవ కట్ట మీద మూడు కిలోమీటర్లు నడిచి, పక్కూరి మేస్త్రమ్మను కలిసి, గంటన్నరలో తిరిగి వచ్చింది. ఆ ముఠా రోజు కూలి మాత్రమే అడిగిందట. రైతు తల గోక్కుని రోజు కూలికి ఒప్పుకున్నాడు. అమ్మ అంతటితో ఊరుకోలేదు. "నీళ్లెవరు మోస్తారు?" అని అడిగింది. తాగే నీళ్లు మోయడానికి ముఠాలో మనిషిని పంపితే ఒకరి కూలి పోతుంది. ఆ మనిషిని రైతే పెట్టాలి. అది కూడా తేలాక పద్దెనిమిది మందీ ఒకేసారి చేలోకి దిగారు.

నాకు మాత్రం ఆ బేరం చాలా సిగ్గుగా అనిపించింది. చదువుకుంటే నోరు పెట్టుకుని రేటు అడగాల్సిన అవసరం ఉండదని అనుకునేదాన్ని. హాస్టల్లో ఉండి, స్కాలర్‌షిప్ మీద సివిల్ ఇంజనీరింగ్ చదివాను. హైదరాబాదులో భవనాల డిజైన్లు చేసే ఒక కంపెనీలో ఐదేళ్లు పని చేశాను. కాంక్రీటు దూలంలో ఇనుప కడ్డీలు ఎన్ని, ఎంత లావువి, ఎక్కడ వంచాలి, ఎంత దూరంలో కట్టాలి అన్న వివరాలతో డ్రాయింగులు తయారు చేయడం నా పని. ఆ ఐదేళ్లలో జీతం గురించి నేను నోరు తెరిచింది లేదు. ఇచ్చింది తీసుకున్నాను. దాన్ని మర్యాద అనుకున్నాను.

పాప పుట్టాక ఉద్యోగం మానేసి నరసరావుపేట వచ్చాను. నా భర్త అక్కడ స్కూలు టీచరు. ఇల్లు మారినా పని మారలేదు. పాత కంపెనీయే నాకు డ్రాయింగులు పంపేది. వాయిదాల మీద ఒక కంప్యూటరు కొన్నాను. టెలిఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్టుతో ఫైళ్లు దింపుకుని, పూర్తి చేసి, తిరిగి పంపేదాన్ని. షీటుకు నూటయాభై రూపాయలు. కొత్త డ్రాయింగు అయితే ఆ రేటు నాకు గిట్టేది. ఒకసారి పూర్తయిన షీటులో కంపెనీ మార్పులు కోరితే వాటికి వేరే డబ్బు లేదు. ఆ మార్పులు ఒక్కోసారి కొత్త షీటు కన్నా ఎక్కువ సమయం తీసుకునేవి. అయినా నేను చేసేదాన్ని. రెండో ఏడాది నుంచి నోటుపుస్తకంలో ప్రతి షీటుకు మొదలుపెట్టిన గంట, ముగించిన గంట రాసుకోవడం మాత్రం అలవాటు చేసుకున్నాను. ఎందుకు రాస్తున్నానో అప్పటికి నాకే తెలియదు. కొలవగలిగినదాన్ని కొలవకుండా వదలలేని స్వభావం, అంతే.

రెండువేల మూడో నాలుగో సంవత్సరం. మిరప మూడో కోత నడుస్తున్న రోజులు. ఒక మంగళవారం ఉదయం కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. నేను అక్కడ ఉద్యోగం చేసినప్పుడు కూడా ఆయనే మేనేజరు.

"ఏమ్మా, బాగున్నావా? నువ్వు గీసిన ఫ్యాక్టరీ బిల్డింగుది పని ఉంది. అరవై షీట్లు. అన్నీ మార్పులే. ఆరు వారాల్లో అయిపోవాలి. షీటుకు నూటయాభై ఇస్తాం."

మార్పులకు కూడా డబ్బు ఇస్తామనడం అదే మొదటిసారి. అయినా నోటుపుస్తకం నా ముందే ఉంది. అందుకని ధైర్యం చేసి, "షీటు లెక్క వద్దండీ, రోజు లెక్కన ఇవ్వండి" అన్నాను.

"సరే. రోజుకు ఎంత?"

ఇక్కడ నేను చేసిన తప్పును దాచను. ఆయన ఫోన్ పెట్టేలోగా ఏదో ఒక అంకె చెప్పాలన్న తొందరలో, నా పాత జీతం పన్నెండు వేలను ముప్పైతో భాగించాను. భాగహారం కచ్చితంగా కుదిరింది, శేషం కూడా లేదు.

"నాలుగు వందలండీ."

 

"నాలుగు వందలా? ఎక్కువేనమ్మా. ఒంగోలులో ఉన్నాయన ఇదే పని మూడొందలకు చేస్తానన్నాడు. నువ్వు మన మనిషివి కాబట్టి ముందు నిన్ను అడిగాను. ఆలోచించుకో. సోమవారం చెప్పు."

సోమవారమే నేను ఇంకొక జవాబు కూడా ఇవ్వాలి. ఊళ్లోని ఒక పాలిటెక్నిక్‌లో గంటకు ఇంత అని పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. చేరితే మాపటిదాకా అక్కడే సరిపోతుంది, డ్రాయింగులు మానేయాలి. మానేస్తే రెండేళ్లలో ఈ విద్య నన్ను వదిలిపోతుంది, సాఫ్టువేరు మారిపోతుంది, నన్ను పిలిచేవాళ్లుండరు. నేను ఇంజనీరుగా మిగలాలంటే ఈ పని తీసుకోవాలి. మూడొందలకు తీసుకుంటే ఇక మీదట ప్రతి పనికీ అదే నా రేటు అవుతుంది. ఒకసారి ఒప్పుకున్న రేటును పెంచమని అడగడం ఎంత కష్టమో అమ్మ ముఠాను చూసిన నాకు బాగా తెలుసు.

బుధవారం పాపను తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. బస్సులో ముప్పావు గంట. ముఠా మోటారు గది నీడలో అన్నాలు తింటోంది. చుట్టూ మూడో కోత చేను, ఆకు సగం రాలిపోయి వెలవెలబోతూ ఉంది. పాపను పద్దెనిమిది చేతులూ అందుకున్నాయి. కారం ఘాటుకు పాప తుమ్మింది, అందరూ నవ్వారు. నేను జరిగింది చెప్పాను.

ముఠాలో మా పిన్ని ఒకావిడ ఉండేది. నోరు ఊరుకోదు. ఆవిడ ముద్ద కలుపుతూ, "ముప్పైతో భాగించావంటే నెలకి ముప్పై రోజులూ పని చేస్తావన్నమాట. ఆదివారం ఆరాధనకి నీ బదులు కంప్యూటరు వస్తదా ఏందే?" అంది.

"కంప్యూటరు వస్తే మంచిదే, పాటలన్నా శృతిలో పాడుద్ది" అని ఇంకొకావిడ.

"అది కాదే. వాన పడ్డ రోజు? పని లేని రోజు? జీతగాడికి ఆ రోజుల డబ్బు కూడా జీతంలోనే వస్తది. మనకి రాదు. మనం కోసిన రోజే మనది."

 ఐదేళ్లు దూలాల్లో కడ్డీలు లెక్కగట్టిన దాన్ని. జీతాన్ని దేనితో భాగించాలో మాత్రం బడికి పోని మా పిన్ని చెప్పాల్సి వచ్చింది.

 అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి అడిగింది.

"చేను చూశావా?"

"ఏం చేను?"

"ఆ కాగితాలే. చూశావా?"

"రేటు తేలాక పంపుతామన్నారు."

"చూడకుండా రేటు చెప్పావా!" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది. "సరే, ఒంగోలాయన మూడొందలన్నాడని ఆయన నోటితో విన్నావా?"

"ఆయనెవరో కూడా నాకు తెలీదమ్మా."

"తెలుసుకో మరి" అని లేచి చేలోకి వెళ్లిపోయింది. ముఠా ఆవిడ వెనకే లేచింది.

నిజానికి ఆయనెవరో నాకు పూర్తిగా తెలియదని కాదు. ప్రతి డ్రాయింగుకూ కింద కుడి మూల ఒక పెట్టె ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు అని రెండు గళ్లు, వాటిలో పేర్ల మొదటి అక్షరాలు. నేను ఉద్యోగం మానేశాక నా షీట్లు చాలావాటికి సరిచూసినవారి గడిలో ఒకే రెండక్షరాలు వచ్చేవి. ఆ మనిషి ఒంగోలు నుంచి పని చేస్తాడని నాకు తెలుసు. సరిచూసిన కాపీ మీద ఆయన పెట్టే గుర్తులు కూడా తెలుసు. ఏడు అంకె మధ్య అడ్డగీత గీస్తాడు. ఒకసారి నేను మెట్ల దూలంలో కడ్డీల మధ్య దూరం నూటయాభైకి బదులు నూటడెబ్బై మిల్లీమీటర్లు అని వేస్తే, దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాడు. తప్పు అని రాయలేదు. ఆ ప్రశ్నార్థకం నాకు గుర్తుండిపోయింది.

గురువారం ఉదయం మేనేజరుకు నేనే ఫోన్ చేసి నాలుగు షీట్లు నమూనాగా పంపమన్నాను.

"ఏం చూస్తావమ్మా, నీకు తెలియని పనా?"

"చూడకుండా రోజుల లెక్క చెప్పలేనండీ."

"టైము వేస్టు కదా."

"నాలుగే షీట్లండీ. ఇవాళ పంపితే సోమవారం లెక్కగా చెప్పేస్తాను."

నేను మళ్లీ మళ్లీ అదే మాట అన్నాను. నాలుగోసారికి పంపాడు. ఫైళ్లు దిగడానికి నలభై ఏడు నిమిషాలు పట్టింది, మధ్యలో లైను రెండుసార్లు తెగింది. తెరిచి చూస్తే మొదటి షీటు మీద ముప్పై ఒక్క చోట్ల మబ్బుల ఆకారంలో ఎర్ర గీతలు చుట్టి ఉన్నాయి. మార్పు అడిగిన చోటల్లా అలా చుడతారు. ఒక స్తంభం పదిహేను సెంటీమీటర్లు జరిగింది. అది జరిగితే దాని మీద ఆనే దూలాలు మారతాయి, దూలాలు మారితే వాటి కడ్డీల పొడవులు మారతాయి, ఆ పొడవుల పట్టికలు వేరే షీట్లలో ఉంటాయి. వెతికి వెతికి మార్చాలి. ఇది మూడో కోతే. ఆ మాట నేను కంప్యూటరు ముందు కూర్చుని పైకే అన్నాను.

ఒక షీటు పూర్తిగా మార్చి చూశాను. కరెంటు పోయిన సమయం తీసేస్తే ఆరు గంటల పది నిమిషాలు. అరవై షీట్లకు మూడువందల డెబ్బై గంటలు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు లెక్కేసుకుంటే ఒక మనిషికి దాదాపు ఎనిమిది వారాలు. కంపెనీకి ఉన్న గడువు ఆరు వారాలు. అంటే ఈ పనికి ఒక మనిషి చాలడు. ఆ మనిషి మూడొందలవాడైనా సరే, మూడువేలవాడైనా సరే. ఇద్దరైతే నాలుగు వారాల్లో అయిపోతుంది.

తర్వాత నోటుపుస్తకం తీశాను. గడిచిన పన్నెండు నెలల్లో నేను నిజంగా పని చేసిన రోజులు లెక్కపెట్టాను. నూటతొంభై. నా పాత జీతం ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. దాన్ని నూటతొంభైతో భాగిస్తే ఏడువందల యాభై ఏడు రూపాయల ఎనభై తొమ్మిది పైసలు. ఈసారి శేషం వచ్చింది. మంగళవారం వచ్చిన నాలుగు వందల కన్నా ఈ పైసల అంకె మీద నాకు నమ్మకం ఎక్కువ కుదిరింది.

పాత కంపెనీలో నాతో పనిచేసిన స్నేహితురాలు ఒంగోలు ఆయన ఫోన్ నంబరు ఇచ్చింది. ఫోన్‌లో ఆయన ముక్తసరిగా మాట్లాడాడు. "ఏ విషయమండీ?" అన్నాడు. "మెట్ల దూలం, నూటడెబ్బై" అన్నాను. "ఓ, మీరా! రండి" అన్నాడు.

శనివారం చిలకలూరిపేటలో బస్సు మారి ఒంగోలు వెళ్లాను. కొత్తపట్నం రోడ్డు మొదట్లో చిన్న డాబా ఇల్లు. ఆయనకు నలభై ఐదేళ్లు ఉంటాయి. ఒక సైటులో పరంజీ మీద నుంచి పడి కాలు విరిగిందట. అది సరిగా అతకలేదు. అప్పటి నుంచి సైట్లకు వెళ్లలేక ఇంటి దగ్గరే డ్రాయింగులు గీయడం, సరిచూడడం చేస్తున్నాడు. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, కొంచెం బెట్టుగా మొదలుపెట్టాడు.

"ఏమీ అనుకోకండి మేడమ్. మీలాంటి వాళ్లు రెండొందల యాభైకి చేస్తామంటే మాలాంటి వాళ్లం ఏం కావాలి?"

"రెండొందల యాభై ఎవరు చెప్పారండీ?"

"మేనేజరుగారే. 'నరసరావుపేటలో మన అమ్మాయి రెండొందల యాభైకి చేస్తానంది, నువ్వు ఐదొందలు అడుగుతావేంటి' అన్నాడు."

"నేను నాలుగొందలు చెప్పాను. మీరు మూడొందలకు ఒప్పుకున్నారని నాకు చెప్పారు."

 లోపల వంటింట్లో ఆయన భార్య పకపకా నవ్వింది. "బాగుంది సంబడం! ఇంతసేపూ మా ఆయన ఈవిడెవరో గయ్యాళి అయి ఉంటుంది, రేటు పాడుచేస్తోందని తిట్టుకుంటున్నాడు" అంది బయటికి వచ్చి.

"నువ్వు లోపలికెళ్లు" అన్నాడాయన ఎర్రబడి.

"వెళ్తా గానీ, ఈవిడ భోంచేసి వెళ్లాలి. కొత్తపట్నం నుంచి పొద్దున్నే చేపలొచ్చాయి."

నేను తెచ్చిన కాగితాలు పరిచాను. ఎర్ర గీతల లెక్క, ఆరు గంటల పది నిమిషాలు, మూడువందల డెబ్బై గంటలు, నూటతొంభై రోజులు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి వరసా సరిచూశాడు. ఒకచోట పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. ఒకే రోజు చేసిన రెండు షీట్లను రెండు రోజులుగా లెక్కపెట్టానేమో అని. చూసుకుంటే అలా జరగలేదు. చెప్పాను. ఆయన ఆ ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో తుడిచేశాడు.

"లెక్క సరిగానే ఉంది" అన్నాడు. "కానీ నాకు భయంగా ఉందండీ. మనం ఇద్దరం కాదంటే హైదరాబాదులో కుర్రాళ్లు బోలెడంత మంది."

"ఉన్నారు. ఆ కుర్రాళ్లకు ఈ బిల్డింగు తెలీదు. పాత షీట్లు గీసింది నేను, సరిచూసింది మీరు. కొత్తవాళ్లకు అది అర్థమయ్యేసరికే మూడు వారాలు పోతాయి."

"ఒకవేళ పని మొత్తం పోతే?"

"పోతే నాకూ పోతుంది."

ఆయన విరిగిన కాలు చాపుకుని నా కాగితాలు మళ్లీ ఒకసారి తిరగేశాడు. "మీరు మాట్లాడండి. మీరు ఎంతంటే నాకూ అంతే" అన్నాడు చివరికి.

"అలా కుదరదండీ. తగ్గనన్న మాట మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెబితే ఆయన మళ్లీ మీకు ఫోన్ చేసి ఇంకో అంకె చెబుతాడు."

అడిగేది ఏడువందల యాభై, తగ్గితే ఏడువందలు, అంతకన్నా దిగితే ఇద్దరం మానేయడం. సోమవారం పదింటికి ఆయన, పదింపావుకు నేను ఫోన్ చేయాలి. భోజనం దగ్గర ఈ మాట ఖాయం చేసుకున్నాం. చేపల పులుసులో కారం నాకే ఎక్కువైంది, గుంటూరు జిల్లా మనిషికి ఇదేం కారమని ఆయన భార్య ఎగతాళి చేసింది.

సోమవారం పదింపావుకు నంబరు కొట్టాను. మేనేజరు గొంతు అప్పటికే మారింది.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకున్నామండీ."

"ఇదేమన్నా యూనియనా?"

"కాదండీ. ఒకే షీటు మీద ఇద్దరం సంతకం పెడుతున్నాం. రేటు తెలుసుకోకపోతే ఎలా?"

"నాలుగొందలని నువ్వే కదమ్మా అన్నావు? మాట మీద నిలబడవా?"

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. ఆదివారమంతా దీని గురించే ఆలోచించాను.

"అన్నానండీ. షీట్లు చూడకుండా అన్నాను. అది నా తప్పు. ఇప్పుడు చూశాను." మొదటి షీటుకు పట్టిన సమయం చెప్పాను. ఒక్కరితో ఆరు వారాల్లో ఎందుకు కాదో అంకెలతో చెప్పాను. ఇద్దరితో నాలుగు వారాల్లో ఎలా అవుతుందో చెప్పాను. మధ్యలో ఆయన రెండుసార్లు అడ్డం వచ్చాడు. రెండుసార్లూ ఆగి, ఆపిన చోట నుంచే మొదలుపెట్టాను.  అంకెలు ఎక్కడా తడబడలేదు.

"ఆరొందలు" అన్నాడు.

"ఏడువందల యాభై అండీ."

"ఆరొందల యాభై. ఇంక మాట్లాడకు."

"ఏడువందలకన్నా తగ్గితే ఇద్దరం చేయలేమండీ. ఆయన కూడా మీకు అదే చెప్పి ఉంటారు."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "చెప్పాడు" అన్నాడు విసుగ్గా. "సరే. ఏడువందలు. ఇద్దరికీ. రోజుకు ఎనిమిది గంటలు, ఆదివారాలు లెక్కలోకి రావు. నాలుగు వారాలు దాటితే మాత్రం ఊరుకోను."

పదకొండింటికి పాలిటెక్నిక్‌కు వెళ్లి, ఉద్యోగంలో చేరలేనని చెప్పాను. అక్కడి నుంచే బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆ వేళ ముఠా వేరే చేలో ఉంది. అమ్మ సాలు మధ్యలో వంగి ఉంది. నడుము ఎత్తకుండానే వింది.

"ఎంత?"

"ఏడొందలు."

"ఆయనకి?"

"అంతే."

"ఆదివారం?"

"సెలవు."

పక్క సాలు నుంచి పిన్ని, "అయితే కంప్యూటరుక్కూడా ఆరాధన ఉన్నట్టే" అంది.

అమ్మ ఈసారి నడుము ఎత్తింది. చేతిలో కాయలు ఒడిలో వేసుకుని నా ముఖంలోకి చూసింది.

"నీళ్లెవరు మోస్తారు?"

 నాలుగు నమూనా షీట్లు దిగడానికి నలభై ఏడు నిమిషాలు పట్టాయి. అరవై షీట్లు దింపుకోవాలి, మార్చి మళ్లీ ఎక్కించాలి. ఫోన్ బిల్లు నాది. దింపుకునే గంటలు ఆ ఎనిమిదిలో లేవు. ఇన్ని అంకెలు కొలిచిన నేను దాన్ని ఒప్పందంలో పెట్టలేదు.

"మాట అయిపోయిందమ్మా. మళ్లీ ఫోన్ చేస్తే ఏమనుకుంటాడు?"

"ఏమన్నా అనుకోనీ. నీ ముఠా ఇంకా చేలోకి దిగలేదుగా" అని మళ్లీ వంగింది.

రోడ్డు మీద ఎస్టీడీ బూత్ ఉంది. అందులో దూరి అద్దం తలుపు వేసుకున్నాను. చెట్లు పక్కకు తోసుకుంటూ వచ్చిన చేతులకు మిరపకాయ ఘాటు అంటింది, కళ్లు తుడుచుకోకూడదని గుర్తు చేసుకుంటూ హైదరాబాదు నంబరు కొట్టాను.

"మళ్లీ ఏంటమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఇంకొక్క మాట ఉందండీ. షీట్లన్నీ సీడీలో పెట్టి మా ఇద్దరికీ కొరియర్లో పంపండి. మేం పూర్తి చేసినవి వారానికోసారి సీడీలోనే తిరిగి పంపుతాం. ఆ కొరియరు ఖర్చు మీదే. ఎప్పుడన్నా అర్జంటుగా ఇంటర్నెట్‌లో పంపమంటే ఆ గంటలు కూడా రోజులోకి వస్తాయి."

ఆయన నవ్వాడో, దగ్గాడో నాకు తెలియలేదు. "నీకిదంతా ఎవరు నేర్పుతున్నారమ్మా?" అన్నాడు.

"సీడీ ఎప్పటికి పంపుతారండీ?"

"రేపు."

ఫోన్ పెట్టేసి, వెంటనే ఒంగోలు నంబరు కొట్టాను. సీడీలు రేపు బయల్దేరతాయి కాబట్టి బుధవారం నుంచి రోజు లెక్క మొదలని చెప్పాను. ఆయన ఆ తేదీ రాసుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది.